అట్టడబ్బాల ఉప్పల్

నా కుడిచేతి చూపుడు వేలు సగమే ఉంటుంది. మిగతా సగం ఎక్కడికి పోయిందని అడిగినవాళ్లందరికీ ఒకే జవాబు చెప్పి ఉంటే నేను ఏనాడో పెద్దమనిషిని అయ్యేవాణ్ని. మౌలాలి గుట్ట మెట్ల మీద గద్ద తన్నుకుపోయిందని కొందరికి చెప్పాను. చర్లపల్లి జైలు గోడ మీద కూర్చుని దొంగల హాజరు వేస్తోందని మరికొందరికి చెప్పాను. మా ఆవిడ మాత్రం పెళ్లినాడు పది వేళ్లూ చూసింది కాబట్టి ఆమెకు నిజం చెప్పక తప్పలేదు. నాచారం అట్టడబ్బాల ఫ్యాక్టరీలో పంచింగ్ మిషన్ కొరికేసింది.

కొత్తగా ఉద్యోగాల్లో చేరిన మా కాలనీ పిల్లలు సాయంత్రం పూట నన్ను పట్టుకుని, "అంకుల్, మీ సర్వీసులో మరిచిపోలేని పోస్టింగ్ ఏది?" అని అడుగుతుంటారు. పుణె అనో చెన్నై అనో చెబుతానని వాళ్ల ఆశ. ఫ్యాక్టరీ వెనకాల, బాయిలర్‌కీ క్యాంటీన్‌కీ నడుమ ఉన్న పిల్లల షెడ్డు అంటే పగలబడి నవ్వుతారు. నవ్వండి నాయనా. నవ్వాక మాత్రం వినండి. ఇందులో ఉప్పూ కారం కొంత నేను చల్లినవే. అన్నం మాత్రం అసలైనదే.

మా ఫ్యాక్టరీ డబ్బాలు చుట్టుపక్కల మందుల కంపెనీలకు పోయేవి. సిరప్ సీసాలు, గోలీల పట్టీలు అందులో సర్దుకునేవాళ్లు. అట్టను అచ్చు ప్రకారం కోసేది పంచింగ్ మిషన్. అక్కడ నేను. కోసిన అట్టను మడిచి, అంచుకు గమ్ము పూసి డబ్బాగా నిలబెట్టేది పేస్టింగ్ సెక్షన్. అక్కడంతా ఆడవాళ్లే. ఆడవాళ్లు అంతమంది ఉన్నచోట వాళ్ల పిల్లలకు ఒక షెడ్డు ఉండాలని రూలు. కాబట్టి ఉండేది. ఉప్పల్‌లో మెట్రో స్తంభాలు అప్పుడప్పుడే లేస్తున్న రోజులవి. రాష్ట్రం ఇంకా రాలేదు. రేపే వచ్చేస్తుందని మాత్రం క్యాంటీన్‌లో ఎవరో ఒకరు రోజూ ప్రకటించేవారు.

దెబ్బ తగిలిన మనిషికి గాయం మానేదాకా తేలిక డ్యూటీ ఇవ్వడం మా దగ్గర ఆనవాయితీ. గేటు దగ్గర కుర్చీయో, స్టోర్‌లో తాళంచెవులో ఇస్తారు. నా ఖర్మకు గేటు కుర్చీలో నడుం పట్టేసినాయన, స్టోర్‌లో గుండె ఆపరేషన్ అయినాయన అప్పటికే స్థిరపడిపోయారు. వాళ్లు లేచేలా లేరు. "పిల్లల షెడ్డులో ఆయమ్మకు సాయంగా ఉండు" అని నన్ను అక్కడికి తోలారు.

ఆయమ్మది గోదావరి వైపు. పిల్లల్ని కొట్టేది కాదు, అరిచేది కూడా కాదు. చూసేది. ఆ చూపుకు బాయిలర్ కూడా చల్లబడేది. నన్ను ఎగాదిగా చూసి అంది.

"వేలు పోయిందని ఇక్కడికి పంపారా? ఇక్కడ పనికి పది వేళ్లే చాలవయ్యా బాబూ."

"తొమ్మిదిన్నర ఉన్నయక్కా. సగం తక్కువకు అడ్జస్ట్ జేస్కో."

"మీ రాష్ట్రం వచ్చేస్తే నన్ను మా ఊరికి పంపించేస్తారంటగా?"

"నిన్ను పంపిస్తే గీ పిల్లల ముడ్లెవరు కడుగుతరక్కా? నువ్వు లేంది మాకు రాష్ట్రమే వద్దు."

ఆ పూటకే మాకు ఒప్పందం కుదిరిపోయింది. కడగడం, తినిపించడం, జోకొట్టడం ఆమెది. పిల్లల్ని నోరు తెరుచుకుని కూర్చోబెట్టడం నాది.

నాకు కావలసిన సరుకంతా ఫ్యాక్టరీలోనే ఉంది. అట్ట ముక్కను తడిపి పైపొర ఒలిచేస్తే లోపల మడతలు బయటపడతాయి. దాన్ని ఇంటి మీద పెట్టండి, అచ్చం రేకుల కప్పే. సన్నటి పట్టీని గట్టిగా చుడితే బస్సు చక్రం. కాగితం చుట్టలు అయిపోయాక మిగిలే గొట్టాలు స్తంభాలు. ఆయమ్మ మైదా ఉడికించి జిగురు చేసేది. సగం అట్టకు అంటేది, సగం పిల్లల కడుపుల్లోకి పోయేది. రంగుకు పసుపు, ఇటుక పొడి, బీట్‌రూట్ నీళ్లు. ఒలవడం పిల్లలకు ఇచ్చాను. ప్రపంచంలో రెండేళ్ల పిల్లకూ అయిదేళ్ల పిల్లకూ ఒకేలా నచ్చే పని ఒలవడమే. నమ్మకపోతే మీ ఇంట్లో గోడ సున్నం చూడండి.

పని చేస్తున్నంతసేపూ నా వేలి కథలు నడిచేవి. చివరికి అది ఉప్పల్ రింగురోడ్డు నడిమధ్యన నిలబడి బస్సులకు దారి చూపించే ఉద్యోగంలో కుదురుకుంది. చూపుడు వేలు గదా, దానికి వచ్చిన పని అదే.

నిజానికి గాయం ఎప్పుడో మానింది. గోడ అవతల పంచింగ్ మిషన్ ధన్‌మన్నప్పుడల్లా నా అరచెయ్యి తనంతట తానే ముడుచుకుపోయేది, అది మాత్రం మానలేదు. "ఎప్పుడొస్తవన్నా మిషన్ మీదికి?" అని ఎవరైనా అడిగితే, "డాక్టర్ ఆగమన్నడు తమ్మీ. మళ్ల మొలుస్తదేమో సూద్దామన్నడు" అనేవాణ్ని.

ఆ సమయంలో వచ్చింది ఆ పాప.

వాళ్లమ్మ ఆలేరు వైపు పిల్ల. భర్త ఉప్పల్‌లో సెంట్రింగ్ పని చేసేవాడు. పేస్టింగ్‌లో కొత్తగా, దసరా దాకా ట్రయల్ మీద పెట్టుకున్నారు. పొద్దున షెడ్డు గడప దగ్గర పాపను దింపి, "ఏడ్వకు బిడ్డా, పని జేసి జల్ది వస్త" అని తిరిగిందో లేదో, ఏడుపు మొదలయ్యేది. మామూలు ఏడుపు కాదు. నాచారం చౌరస్తాలో ట్రాఫిక్ ఆగిందంటే ఆ పిల్లకు దాహమేసి కాస్త నీళ్లు తాగుతోందని, మళ్లీ కదిలిందంటే తాగడం అయిపోయిందని మేం అనుకునేవాళ్లం. పేస్టింగ్ గోడ ఇవతలే షెడ్డు. బిడ్డ గొంతు వినబడగానే తల్లి చేతిలో బ్రష్ వదిలేసి పరుగెత్తుకొచ్చేది. ఆమె వస్తే బల్ల మీద వరస ఆగిపోయేది. వరస ఆగితే సూపర్‌వైజర్ వచ్చేవాడు.

నా కథలన్నీ ఆ పిల్ల ముందు చిత్తయిపోయాయి. సగం వేలు చూపిస్తే ఏడుపు రెట్టింపైంది. జైలు, గద్ద, రింగురోడ్డు, ఏదీ పనిచెయ్యలేదు. ఆయమ్మ చంకనేసుకుని తిప్పింది. లడ్డూ ఇచ్చాం. నేను గుర్రాన్నయ్యాను, ఎద్దునయ్యాను, మోకాళ్లు వాచిపోయి మనిషినయ్యాను. ఆ పిల్ల ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడలేదు.

ఒకరోజు భోజనాల వేళ తల్లి షెడ్డు మెట్ల మీద కూర్చుని, టిఫిన్ డబ్బా మూత తియ్యకుండానే అంది.

"సూపర్‌వైజర్ సారు ఆఖరిమాట జెప్పిండన్నా. బిడ్డనన్న సముదాయించుకో, పనన్న ఇడిసిపెట్టుకో అన్నడు. దసరాకు ఊరికి తోల్కపోయి మా అమ్మ దగ్గర ఇడిసొస్త."

"మంచిదే గదమ్మా. అమ్మమ్మ దగ్గర మస్తు ముద్దుగ పెరుగుతది."

"నేను గట్లనే పెరిగినన్నా. మా అమ్మ సోలాపూర్‌ల బీడీలు జేయబోయేది. ఏడాదికోసారి వచ్చేది. అమ్మొచ్చిందంటే నాకు చుట్టాలొచ్చినట్టుండేది. పీటేసి కూసోబెట్టి మంచినీళ్లిచ్చేదాన్ని." టిఫిన్ డబ్బాను పక్కకు నెట్టింది. "ఇయ్యాల గామె చేతులనే నా బిడ్డను పెట్టి, నేను చుట్టాన్నైత."

నా దగ్గర ప్రతిదానికీ ఒక కథ ఉంటుంది. పీటేసి అమ్మకు మంచినీళ్లిచ్చే పిల్లకు మాత్రం నా దగ్గర ఏ కథా లేదు. లేచి చెత్త అట్టలు ఏరుకురావడానికి పేస్టింగ్ లోపలికి పోయాను.

అక్కడ ఆమె బల్ల కింద, వంకరగా అంటుకుని పక్కన పడేసిన చిన్న సిరప్ డబ్బా ఒకటి కనిపించింది. గమ్ము ఇంకా తడిగానే ఉంది. ఏదో ఒకటిలే అని తెచ్చి పాప ఒళ్లో పెట్టాను. పెట్టి, అలవాటు కొద్దీ వేలి కథ మొదలుపెట్టాను. పాప డబ్బా పట్టుకుంది. అటూ ఇటూ తిప్పింది. మూతి దగ్గర పెట్టుకుంది. ఏడుపు ఆగింది!

రింగురోడ్డు కథ మహిమ చూశావా అక్కా అని ఆయమ్మ ముందు మీసం తిప్పాను. మర్నాడు మళ్లీ ఒక వంకర డబ్బా, మళ్లీ అదే కథ, మళ్లీ అదే నిశ్శబ్దం. ఆ సాయంత్రం ఆయమ్మ చీపురు ఆనించి నడుం నిటారు చేసి చెప్పింది.

"నీ కథకి కాదయ్యా పిచ్చిమారాజా. ఆ పిల్ల డబ్బాని ఎలా వాసన చూస్తోందో చూడు. వాళ్లమ్మ చేతులు రాత్రి ఇంటికెళ్లాక కూడా ఆ గమ్ము వాసనే వస్తాయి. అమ్మ కొంగు కిందున్నట్టుంది దానికి."

చూశాను. నిజమే. పులిసిన గంజిలాంటి వాసన. మనకు ముక్కు మూసుకోవాలనిపించేది, ఆ పిల్లకు కళ్లు మూసుకోవాలనిపించింది.

కారణం దొరికిన తరవాత ఊరుకుంటే నేను నేనెందుకవుతాను? దానికో కథ తగిలించాను. "పాపా, మీ అమ్మ నీకు ఇల్లు కడుతున్నదే. దినాం ఒక్క రూము పంపుతది. రూము వచ్చినంక సాయంత్రం గంట కొడ్తరు, అమ్మొస్తది." పాప డబ్బాల్ని ఒకదాని పక్కన ఒకటి పేర్చింది. నేను కప్పు వేశాను. తలుపు కోశాను. మొదటిసారి ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుంది. అదీ సగం వేలునే. గుప్పిట్లోకి అది సరిగ్గా సరిపోయింది.

కథలు చెప్పేవాళ్లకు ఒక చిక్కుంది. చెప్పింది చెప్పినట్టు రేపు కూడా నడవాలి. ఒకరోజు వాళ్లమ్మ బల్ల మీద అన్ని డబ్బాలూ తిన్నగా అంటుకున్నాయి. వంకర డబ్బా లేదు. రూము రాలేదు. నాచారం చౌరస్తా మళ్లీ ఆగింది. గోడ ఇవతల నుంచి నేను కిటికీలో చూస్తున్నాను. తల్లి బ్రష్ పట్టుకుని కదలకుండా నిలబడింది. తరవాత సూపర్‌వైజర్ అటు తిరగ్గానే, బంగారంలాంటి ఒక డబ్బా అంచును బొటనవేలితో మెల్లగా పక్కకు జరిపి, వంకరగా అదిమింది. బల్ల కింద పడేసింది. నావైపు చూసింది. నేను గోడ మీద బల్లిని చూశాను.

అక్కడితో ఆగితే ఇదంతా మీకు చెప్పేవాణ్నే కాదు.

షెడ్డులో మిగతా పిల్లలకు కళ్లుండవా? "మా అమ్మ రూమేదీ?" అని మొదట బోడిగుండు పిల్లవాడు అడిగాడు. తరవాత బొద్దుపిల్ల కింద పడి దొర్లింది. ఎప్పుడూ ముక్కు చీదే పిల్లవాడు అన్నం మానేశాడు. ఏ తల్లి బిడ్డ ఆ తల్లికి బంగారం. వారం తిరిగేసరికి పేస్టింగ్ సెక్షన్‌లో ప్రతి బల్ల కిందా రోజుకో వంకర డబ్బా పడడం మొదలైంది. కొందరు తల్లులు ఇంకో అడుగు ముందుకేసి, మేడలకు పనికొచ్చే పెద్ద సైజువి వంకర చెయ్యసాగారు.

మా షెడ్డులో ఉప్పల్ లేచింది. ఒక మూల రేకుల ఇళ్లు, నడుమ రింగురోడ్డు. కాగితం గొట్టాలతో మెట్రో స్తంభాలు నిలబెట్టి, పైన అట్ట పట్టీ పరిచి రైలు కూడా నడిపించాం. అసలు మెట్రోకన్నా మా మెట్రో కొన్నేళ్లు ముందే ప్రారంభమైంది. పాత పేపర్లు నలిపి మౌలాలి గుట్ట చేశారు. స్టేడియం దీపాలకు సిరప్ సీసాల మూతలు. పాప తనంతట తాను ఒక అట్ట పట్టీని సన్నగా చుట్టి, మైదా జిగురు పూసి, రింగురోడ్డు మధ్యలో నిలబెట్టింది. ఏందని నేను అడగలేదు. నా వైపు చూసి నా చెయ్యి చూసింది, చాలు. ఇప్పుడు ఏడవడం లేదు. మాట్లాడడం మాత్రం ఇంకా లేదు.

అటు గోడ అవతల గగ్గోలు. ఇన్ని డబ్బాలు ఎందుకు వంకరపోతున్నాయో సూపర్‌వైజర్‌కు అంతు చిక్కలేదు. పాపం మంచివాడే, రాత్రిళ్లు నిద్రపోయేవాడు కాదట. మొదట గమ్ము మీద అనుమానపడ్డాడు. గమ్ము కంపెనీ నుంచి టై కట్టుకున్న ఒకాయన వచ్చి, వేలితో ముట్టుకుని, గమ్ము దివ్యంగా ఉందని, అట్టలోనే తడి ఉందని చెప్పి టీ తాగి వెళ్లాడు. అట్ట మిల్లువాళ్లు వచ్చి, అట్ట దివ్యంగా ఉందని, తప్పంతా గాలిలోనే ఉందని చెప్పి రెండు టీలు తాగారు. క్యాంటీన్‌లో సూపర్‌వైజర్ తల పట్టుకుని కూర్చుంటే నా మనసు కరిగింది.

"సారూ, తప్పుగ అనుకోకుర్రి. మౌలాలి గుట్ట మీదికెళ్లి మధ్యాహ్నం ఒక అడ్డగాలి వస్తది. మా తాత జెప్పేటోడు. ఆ గాలికి ఏది అంటుకున్నా వంకరనే అంటుకుంటది. గందుకే ఆ గుట్ట కింద పెళ్లి సంబంధాలు గూడ కుదుర్చుకోరు."

ఊరికే అన్నాను. మర్నాడు పేస్టింగ్ సెక్షన్ మౌలాలి వైపు కిటికీలకు మందమైన ప్లాస్టిక్ పరదాలు బిగించారు. ఉక్కకు తల్లులు చెమటలు కక్కారు. డబ్బాలు మాత్రం ఇదివరకటిలాగే వంకరగా పడ్డాయి. ఆయమ్మ నన్ను ఒక్క చూపు చూసింది. ఆ రోజు నేను అన్నం తినలేదు.

దసరా దగ్గరికొచ్చింది. "ఊరికి పంపనన్నా. ఇగ ఏడుస్తలేదు గదా, ట్రయల్ అయిపోంగనే పర్మినెంట్ జేస్తమన్నరు" అంది పాప తల్లి. ఆమె మొహం కాస్త తేరుకుంది. సరిగ్గా అప్పుడే మేనేజర్‌గారికి ఒక సందేహం వచ్చింది. ఆయన కోస్తా వైపాయన, మాటలు తక్కువ. గమ్ము, అట్ట, గాలి అన్నీ విన్నాక ఆయన ఒకే ఒక్క మాట అడిగాడట. "అన్ని డబ్బాలు పాడైతే వెనకాల చెత్తకుప్ప పెరగాలి కదా. పెరగలేదేం? పాడైనవి ఎక్కడికెళ్లాయి?"

ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ ఆయనా సూపర్‌వైజరూ పొద్దున్నే షెడ్డు గడప తొక్కారు. మా ఉప్పల్ మొత్తం, మెట్రోతో సహా, వాళ్ల కాళ్ల ముందు పరుచుకుని ఉంది. పేస్టింగ్ కిటికీలో పరదా పక్కకు జరిగింది. తల్లుల మొహాలన్నీ అక్కడే. బ్రష్‌లు ఆగిపోయాయి. పాప తల్లి మొహంలో నెత్తురు చుక్క లేదు. ఇప్పుడు ఆమె పేరు బయటపడితే పనీ పోతుంది, పనితోపాటు బిడ్డా ఊరికి పోతుంది.

"ఏంటయ్యా ఇది?" అన్నాడు మేనేజర్.

"ఉప్పల్ సార్" అన్నాను.

"అది కనపడుతోంది. ఈ డబ్బాలన్నీ మనవేగా?"

సూపర్‌వైజర్ వంగి ఒక ఇంటిని ఎత్తి చూశాడు. "సార్, గిది గమ్ము తప్పు గాదు సార్! గాలి తప్పు గాదు. కావాలని వంకర బెట్టిన్రు. గీ బొటనేలి అచ్చు సూడున్రి. ఎవరో ఒక్కరు మొదలు వెట్టిన్రు సార్, ఆ ఒక్కర్ని పట్టుకోవాలె." నావైపు తిరిగాడు. "అడ్డగాలి అంటివి గదనే! మా ఇంటి కిటికీలకు గూడ పరదాలు కట్టిచ్చిన నేను!"

"ఎవరు మొదలుపెట్టారు?" అన్నాడు మేనేజర్ నన్ను చూస్తూ.

నేను గొంతు సవరించుకున్నాను. నా జీవితంలోకెల్లా పొడవైన కథకు ఊపిరి పీల్చుకున్నాను. అందులో ఒక గద్ద ఉంది, బొటనవేలున్న కోతి ఉంది. ఒక్క తల్లి కూడా లేదు. "సార్, అసలేమైందంటే" అన్నానో లేదో, పాప లేచి నిలబడింది. నడుచుకుంటూ వెళ్లి మేనేజర్ ప్యాంటు పట్టుకుని కిందికి లాగింది.

ఆయన వంగాడు. పాప నోరు తెరిచింది. అన్నాళ్లూ ఆ నోట్లో దాచుకున్న మాటలన్నీ ఒక్కసారే బయటికొచ్చాయి.

"గిది మా అమ్మ రూము. గిది గూడ మా అమ్మదే. గిది గుండోడి అమ్మది. గా మేడ బొద్దుదాని అమ్మది, గామె పెద్దది పంపుతది. గిది ముక్కు చీదుతడు గదా, వాని అమ్మది. గీ బస్టాండు వీని అమ్మది, దీని అమ్మది, ఇద్దరు కల్సి పంపిన్రు."

ఇల్లిల్లూ చూపించింది. ఒక్క తల్లిని కూడా వదల్లేదు. చూపు తప్పకుండా, వరస తప్పకుండా, పేస్టింగ్ సెక్షన్ మొత్తాన్ని పట్టించింది. కిటికీలో ఒక్కొక్క మొహమూ కిందికి దిగిపోయింది. ఆయమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది, భయానికో నవ్వుకో నాకు ఇప్పటికీ తెలియదు. నాకు మాత్రం ఆ క్షణాన ఒకటే అనిపించింది. అయిపోయింది, అందరి పనీ అయిపోయింది. కానీ పిల్ల మాట్లాడుతోంది!

మేనేజర్ రింగురోడ్డు మధ్యలో నిలబెట్టిన అట్ట చుట్టను చూపించాడు. "మరి ఇదేంటమ్మా?"

"మామ వేలు. బస్సులకు తొవ్వ జూపెడ్తది."

ఆయన నా చేతివైపు ఒకసారి చూశాడు. నేను చెయ్యి వెనక్కి పెట్టుకున్నాను. ఆయన మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"మరి నా ఇల్లేదీ? నేనూ ఉప్పల్లోనే ఉంటాను."

పాప ఊరంతా వెతికింది. నిజంగానే వెతికింది, మౌలాలి గుట్ట వెనక్కి కూడా తొంగి చూసింది. తిరిగొచ్చి జాలిగా చెప్పింది. "లేదు. మీ అమ్మ జేసియ్యలే."

"మా అమ్మ బందర్లో ఉందమ్మా."

"పనికి పోయిందా?"

"లేదు. ఊరికే ఉంది."

"మరి నువ్వేడుస్తవా?"

మేనేజర్ లేచి ప్యాంటుకు అంటిన మైదా దులుపుకున్నాడు. గడప దాకా వెళ్లి, వెనక్కి తిరక్కుండానే సూపర్‌వైజర్‌ను అడిగాడు. "పొద్దున్నే గమ్ము పట్టిందో లేదో చూడ్డానికి ప్రతి బల్ల మీదా ఒక ట్రయల్ డబ్బా అంటిస్తారు కదా. దాన్నేం చేస్తున్నాం?"

"పడేస్తున్నం సార్. అది అమ్మేది గాదు."

"పడెయ్యకండి. ఎవరి ట్రయల్ డబ్బా వాళ్ల పిల్లలకి పంపండి. రెండో డబ్బా నుంచి ఒక్కటి వంకరపోయినా ఊరుకోను, కిటికీలోవాళ్లకి కూడా వినబడాలి."

"మరి మొదలు వెట్టినామె సార్?"

"ఎవరని రాస్తావయ్యా? సెక్షన్ మొత్తం రాస్తావా? రేపు డబ్బాలు నువ్వూ నేనూ అంటిద్దామా?" అని, అప్పుడు తిరిగాడు నావైపు. "వీళ్లకి కథలు చాల్లే. నీ వేలు మానిపోయింది. సోమవారం నుంచి మిషన్ మీదికెళ్లు."

పరదాలు ఆ సాయంత్రమే విప్పేశారు. దసరాకు ఆలేరు పోయిన తల్లి బిడ్డను వెంటబెట్టుకునే తిరిగొచ్చింది. ఆ తరవాత పర్మినెంట్ కూడా అయింది. అదంతా మంచి సంగతి, మీరు సంతోషించండి. నేను మాత్రం ఆ ఆదివారం సంతోషించలేకపోయాను. మా ఆవిడ చేసిన చేపల పులుసు గిన్నెకు మూతపెట్టి పక్కకు జరిపాను. డాక్టర్, మొలకెత్తే వేలు, నడుం పట్టేసినాయన కుర్చీ, ఏదీ ఆదుకునేలా లేదు. నా చెయ్యి రెండు రోజులుగా ముడుచుకునే ఉంది.

సోమవారం పొద్దున మిషన్ వైపు పోకుండా కాళ్లు షెడ్డుకే తీసుకుపోయాయి. గడప దగ్గర నిలబడి, ఆయమ్మతో ఏదో మాట్లాడుతూ కాలయాపన చేశాను. వర్షం గురించి మాట్లాడాను. రాష్ట్రం గురించి మాట్లాడాను. "నడవ్వయ్యా బాబూ" అంది ఆమె, కళ్లు మాత్రం నా చేతి మీద పెట్టి.

పాప లోపల్నుంచి వచ్చింది. చేతిలో ఒక డబ్బా. అమ్మ అంటించింది కాదు, తనే అంటించింది. నాలుగు వైపులా నాలుగు రకాల వంకర. మైదా జిగురు ఇంకా కారుతోంది. దాన్ని నా అరచేతిలో పెట్టి, ముడుచుకుపోయిన వేళ్లను ఒక్కొక్కటే దాని చుట్టూ వేసింది. సగం వేలును ఆఖర్న వేసింది.

"ఏడ్వకు మామా. పని జేసి జల్ది రా" అంది. కొంచెం ఆలోచించి, "ఏడుపొస్తే వాసన సూడు" అంది.

మిషన్ ముందు నిలబడ్డాను. స్విచ్ నొక్కడానికి ముందు డబ్బాను ముక్కు దగ్గర పెట్టుకున్నాను. మైదా, పసుపు, కాస్త చీమిడి. పక్క మిషన్ కుర్రాడు వింతగా చూశాడు.

"ఏందన్నా, ఏం వాసన జూస్తున్నవ్?"

డబ్బాను జేబులో పెట్టుకుని స్విచ్ నొక్కాను. ధన్ మంది. చెయ్యి ఉలిక్కిపడింది గాని ముడుచుకోలేదు.

భోజనాల గంట కొట్టగానే షెడ్డు వైపు నడిచాను. పాప కిటికీ ఊచలు పట్టుకుని నిలబడి ఉంది, నాకోసమే.

"ఏడ్చినవా?"

"లేదు బిడ్డా."

అమ్మ దినాం ఒక రూము పంపుతుందని నమ్మిన పిల్ల, రింగురోడ్డు మీద బస్సులకు దారి చూపించే వేలును నమ్మి దాన్ని అట్టతో చేసి నిలబెట్టిన పిల్ల, ఆ ఒక్కమాట మాత్రం నమ్మలేదు. ఊచల్లోంచి చెయ్యి చాపి నా చెంప తుడిచింది.